పంచాంగం పక్కనే పోటు వేళ కూడా వెయ్యండి

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ కోస్తా జిల్లాల పేజీల్లో పక్షుల్ని చూసే బృందాల కబుర్లు ఈ మధ్య తరచూ కనిపిస్తున్నాయి. చలికాలంలో పులికాట్‌కీ కొల్లేరుకీ వెళ్ళేవాళ్ళే ఇప్పుడు మార్చి, ఏప్రిల్ నెలల్లో వలసపక్షులు ఉత్తరానికి తిరుగుముఖం పట్టే వేళ సముద్రపు ఒడ్డుకు కూడా వస్తున్నారు. మంచిదే. కానీ ఆ ప్రకటనలన్నిటిలోనూ ఇంచుమించు ఒకటే మాట: “ఆదివారం ఉదయం 6 గంటలకల్లా బీచ్ దగ్గర కలుద్దాం.” చెరువుకైతే ఆ వేళకు తిరుగులేదు. తూర్పు తీరంలో ఒండ్రు మేటల దగ్గర మాత్రం ఆ ఒక్క మాటతోనే సగం యాత్ర పాడవుతోంది. ఆ వేళకు నీళ్ళు ఎక్కడో దూరానికి పోయి ఉండవచ్చు. ఎదురుగా సూర్యుడు. బైనాక్యులర్‌లో కనిపించేవి నల్లటి చుక్కలు. ఎనిమిదయ్యేసరికి ఓపిక చచ్చి, దగ్గర్నుంచి చూద్దామని జనం రొంపిలోకి దిగుతారు. గుంపు మొత్తం ఒక్కసారిగా లేస్తుంది. అలా లేచిన గుంపు ఫొటోయే మర్నాడు అందరూ మెచ్చుకునే ఫొటో అవుతుంది.

మీరు రోజూ తిథి, నక్షత్రం, వర్జ్యం, రాహుకాలం, సూర్యోదయ సూర్యాస్తమయాలు వేస్తారు. కోస్తా ఎడిషన్లలో వాటి కిందనే ఆ రోజు పోటు (సముద్రపు నీరు ఒడ్డుకు ఎక్కడం) ఎన్నింటికి, పాటు (నీరు వెనక్కి తీయడం) ఎన్నింటికి అన్న రెండు వరుసలు కూడా వెయ్యమని మా విన్నపం. అదెందుకో కాస్త వివరంగా రాస్తున్నాం, యాత్రలు నడిపేవాళ్ళకు కూడా పనికొస్తుందని.

మన తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ఒక నిండు పోటుకూ మరో నిండు పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అంటే ప్రతి రోజూ పోటు వేళ 50 నిమిషాలు, పాత లెక్కలో రెండు ఘడియల పైచిలుకు, ఆలస్యమవుతుంది. పోయిన ఆదివారం ఉదయం 8 గంటలకు నిండు పోటు ఉంటే, ఈ ఆదివారం అదే 8 గంటలకు ఇంచుమించు పూర్తి పాటు. రెండు వారాలూ ఒకే వేళకు, ఒకే చోటికి వెళ్ళిన బృందం ఒకసారి వేల పిట్టల్ని చూసి, రెండోసారి ఖాళీ బురద చూసి “పక్షులు తగ్గిపోయాయి” అని రాసుకుంటుంది. తగ్గలేదు. కంటికందనంత దూరాన మేస్తున్నాయి, అంతే.

ఒడ్డు పిట్టలకు, అంటే మన జాలరులు ఉల్లంకులు అని పిలిచే శాండ్‌పైపర్లకూ, ప్లోవర్లకూ, గాడ్విట్లకూ, కర్ల్యూలకూ గడియారం సూర్యుడు కాదు, నీరు. పాటు వేళ బురద బయటపడగానే చెదిరిపోయి మేస్తాయి. పగలా రాత్రా అన్న తేడా పెద్దగా ఉండదు. పోటు ఎక్కేకొద్దీ మేత నేల కుంచించుకుపోతుంది. నీటి అంచు వెంట అవి ఒడ్డు వైపుకు జరుగుతూ వచ్చి, చివరికి మునగని ఇసుక దిబ్బ మీదో ఉప్పు మడి గట్టు మీదో ఒక్కచోట చేరి ముక్కు రెక్కలో పెట్టుకుని నిలబడతాయి. మనిషి చెయ్యవలసిందల్లా నిండు పోటుకు రెండున్నర గంటల ముందే వెళ్ళి, గట్టు మీద ఒకచోట కూర్చోవడం. పిట్టల్ని నీరే మన దగ్గరకు తోలుకొస్తుంది. నిండు పోటు వేళకు వెళితే ఆలస్యమైనట్టే. అప్పటికే అవి కిక్కిరిసి కునుకు తీస్తుంటాయి, మన రాకతోనే లేస్తాయి. ముందుగా వచ్చి కదలకుండా కూర్చున్నవాళ్ళను అవి అంతగా పట్టించుకోవు, తరవాత నడుచుకుంటూ వచ్చినవాళ్ళకు మాత్రం బెదురుతాయి.

పోటు ఎంత పెద్దదన్నది కూడా చూసుకోవాలి. గుజరాత్‌లో ఖంభాత్ దగ్గరలా మనకు పదేసి మీటర్ల తేడా ఉండదు. విశాఖ, కాకినాడల దగ్గర పెద్ద పోటుకూ పాటుకూ మధ్య తేడా మీటరున్నర దరిదాపు. కానీ కాకినాడ అఖాతంలాంటి వాలు లేని బురదలో ఆ మీటరున్నరే వందల మీటర్ల నేలను ముంచుతుంది. అమావాస్య, పున్నమి వెళ్ళిన ఒకటి రెండు రోజులకు పోటు బాగా పొంగుతుంది. అప్పుడు పిట్టలు మామూలుగా చేరే దిబ్బలు కూడా మునిగిపోయి, అవి మనకు కనిపించని లోపలి మళ్ళలోకి పోతాయి. అష్టమి తరవాతి రోజుల్లో పోటు నీరసంగా ఉండి బురద పూర్తిగా మునగదు, అవి దూరంగానే మేస్తూ ఉండిపోతాయి. ఈ రెండింటికీ నడుమ వచ్చే రోజులే బృందానికి అనువైనవి. దీనికి తోడు మధ్యాహ్నం వీచే పైరగాలి గట్టిగా ఉంటే నీరు పట్టికలో చెప్పినదానికంటే కాస్త ముందే, కాస్త ఎక్కువే ఎక్కుతుంది. నది పాయల లోపలికి వెళ్ళేకొద్దీ పోటు ఆలస్యంగా వస్తుంది. రేవు దగ్గర వేసిన వేళ పాయ లోపల చెల్లదు. ఆ తేడా ఎంతో అక్కడ వల వేసేవాళ్ళను అడిగితే నిమిషంలో చెబుతారు.

ఇక ఎండ. పడమటి తీరంలో రాసిన పుస్తకాలు చదివి మనవాళ్ళు ఉదయాన్నే సముద్రం వైపు తిరిగి నిలబడతారు. మన సూర్యుడు సముద్రంలోంచే లేస్తాడన్న సంగతి అక్కడికెళ్ళాక గుర్తొస్తుంది. తీరపక్షుల్ని గుర్తుపట్టేది ఛాతీ రంగు, కాళ్ళ రంగు, రెక్క మీది గీతను బట్టి. ఎదురెండలో ఇవేవీ కనిపించవు. కాబట్టి ఒడ్డున నిలబడి సముద్రం వైపు చూసే చోటుకు, ఉదాహరణకు కాకినాడ కుంభాభిషేకం రేవు వైపుకు, సాయంత్రం వెళ్ళాలి. 3 గంటల తరవాత సూర్యుడు మన వీపు వెనక ఉంటాడు, బురద మీద ప్రతి పిట్టా వెలుగులో ఉంటుంది. అదే పడవ మీద హోప్ ఐలాండ్ లోపలి అంచుకు వెళితే లెక్క తిరగబడుతుంది. ఆ ఇసుక తిన్నె అఖాతానికి తూర్పున, దక్షిణం నుంచి ఉత్తరానికి 16 కిలోమీటర్ల పొడవున సాగి ఉంటుంది. దాని మీద నిలబడి అఖాతంలోకి చూడటమంటే పడమరకు చూడటమే. అక్కడికి ఉదయమే సరైన వేళ. అవే పక్షులు, అదే బురద, ఏ గట్టున ఉన్నామన్నదాన్ని బట్టి పూట మారుతుంది. కోరింగ అభయారణ్యం పరిధిలోకి వెళ్ళే పడవకు అటవీశాఖ అనుమతి ముందే తీసుకోవాలని వేరే చెప్పనక్కర్లేదు.

రెండు లెక్కలూ కలిపితే ఒడ్డు నుంచి చూసే బృందానికి కావలసింది సాయంత్రం 4 నుంచి 6 మధ్య నిండు పోటు పడే రోజు. అలాంటి రోజులు సుమారు పదిహేను రోజులకొకసారి, రెండు మూడేసి చొప్పున వస్తాయి. వాటిలో ఆదివారం పడకపోవచ్చు. శనివారమో, సెలవు పెట్టుకున్న మంగళవారమో పడవచ్చు. ఆదివారమే కావాలంటే ఏ ఆదివారమో పట్టిక చూసి ఎంచుకోవాలి తప్ప, ప్రతి నెలా మొదటి ఆదివారం అని ముందే గిరి గీసుకుంటే కుదరదు.

సాయంత్రానికి ఒక ఇబ్బంది ఉంది, దాచడమెందుకు. పిట్టలు గాలికి ఎదురుగా ముఖం పెట్టి నిలబడతాయి. సాయంత్రం గాలి సముద్రం నుంచి వీస్తుంది కాబట్టి మనకు కనిపించేవి ఎక్కువగా వీపులే. గట్టు వంపు తిరిగిన చోటు వెతుక్కుని పక్కనుంచి చూస్తే ఛాతీ కనిపిస్తుంది. అందుకే కూర్చునే చోటును ముందు రోజు ఒకరిద్దరు వెళ్ళి ఖాయం చేసుకురావాలి. గాలికి ట్రైపాడ్ వణుకుతుంది. కాళ్ళు పూర్తిగా చాచకుండా పొట్టిగా వేసి, ఇసుకలో అదిమి, నడి కొక్కేనికి నీళ్ళ సీసాల సంచి తగిలిస్తే నిలుస్తుంది. టెలిస్కోపుకు 60 రెట్ల జూమ్ ఉన్నా వేసవి బురద మీద ఆవిరి అలల్లో 25, 30 రెట్లకు మించి పెంచితే బొమ్మ కరిగిపోతుంది. సూర్యుడు వాలేకొద్దీ ఆ వణుకు తగ్గుతుంది.

సాయంత్రంలో ఇంకో లాభం కూడా ఉంది. తీరపక్షులు దూరప్రయాణానికి ఎక్కువగా బయల్దేరేది పొద్దు వాలే వేళే. అప్పటిదాకా నిద్రపోతున్న గుంపులో ఒక మూల అలికిడి మొదలవుతుంది. రెక్కలు దులుపుకోవడం, స్నానం, ఆపకుండా అరుపులు. ఇరవయ్యో నలభయ్యో లేచి, మామూలుగా బెదిరినప్పటిలా నీళ్ళ మీద చక్కర్లు కొట్టి దిగకుండా, వరుస కట్టి పైకి పైకి పోతాయి. కొన్ని మనసు మార్చుకుని తిరిగి వచ్చేస్తాయి. మిగతావి ఉత్తరం దిక్కున కనుమరుగవుతాయి. వలస అంటే కళ్ళారా చూడగలిగేది ఇదొక్కటే. ఉదయం ఆరింటి బృందాలు ఎండకు తాళలేక తొమ్మిదింటికే ఇళ్ళకు పోతాయి కాబట్టి వాళ్ళకు ఇది దక్కే వీల్లేదు.

ఈ లెక్క అన్ని చోట్లా ఒకటి కాదు. విశాఖ, భీమిలి మధ్య రాళ్ళ తీరంలో పోటు వేళ ఏమీ ఉండదు. పాటు వేళ బయటపడే నాచు రాళ్ళ మీదే టర్న్‌స్టోన్లు, వింబ్రెల్లు, సముద్రపు కొంగలు మేస్తాయి. అక్కడ పాటు వేళ చూసుకుని వెళ్ళాలి. శ్రీకాకుళం జిల్లా నౌపడ ఉప్పు మళ్ళలో పోటు వేళ గట్ల మీద పిట్టలు చేరతాయి. కానీ ఉప్పు తీసే కాలమూ ఈ వేసవే. రైతుల్ని అడగకుండా మడి గట్టు ఎక్కకూడదు. తడి గట్టు అంచు మీద పదిమంది నడిస్తే విరిగి మడిలో మట్టి పడుతుంది. గట్టుకు తూర్పు కొసన నిలబడితే ఉదయం కూడా ఎండ వీపు మీదే ఉంటుంది. కృష్ణ సముద్రంలో కలిసే మొగల దగ్గర, హంసలదీవి వైపు, ఇసుక మీద కార్లు తోలుకుపోవడం అలవాటైపోయింది. పోటు ఎక్కేటప్పుడు వచ్చిన దారి మునిగితే చక్రాలు కూరుకుపోయి బండి అక్కడే ఉండిపోతుంది. పులికాట్‌లో పోటు ప్రభావం తక్కువ. ఏప్రిల్‌కు నీరు ఎంత మేర ఇంకిందన్నదే ముఖ్యం.

ఏ రోజుల్లో వెళ్ళాలి? మే రెండో శనివారం ప్రపంచ వలసపక్షుల దినం కాబట్టి చాలామంది ఆ రోజు పెట్టుకుంటారు. మన తీరానికి అది ఆలస్యం. అప్పటికి పెద్ద పక్షులు చాలావరకు వెళ్ళిపోయి ఉంటాయి. ఉన్నవాటిలో ఎక్కువ పోయినేడు పుట్టినవి. మొదటి వేసవి అవి ఉత్తరానికి పోకుండా ఇక్కడే ఉండిపోతాయి, జతకట్టే కాలపు రంగు కూడా రాదు. మే నెలాఖర్లో బూడిదరంగు పిట్టల్ని చూసి “ఇవి దారి తప్పినట్టున్నాయి” అనుకోనక్కర్లేదు. చూడదగ్గ రోజులు మార్చి మూడో వారం నుంచి ఏప్రిల్ చివరి దాకా. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మర పడవల వేట నిషేధం. రేవుల్లో సందడి తగ్గుతుంది, పడవలన్నీ పాయల్లో కట్టేసి ఉంటాయి. చిన్న సంప్రదాయ పడవలకు ఆ నిషేధం లేదు కాబట్టి ఒడ్డున అలివి వల లాగుతున్న చోట తాడుకు అడ్డం నిలబడి టెలిస్కోపు పెట్టకండి.

రంగుల గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే ఈ కాలానికి వచ్చేదే దానికోసం. జనవరిలో కర్ల్యూ శాండ్‌పైపర్ అంటే పైన బూడిద, కింద తెలుపు. కొత్తవాళ్ళకు నీరసం పుట్టించే పిట్ట. ఏప్రిల్‌లో దాన్నే టెలిస్కోపులో పెట్టి చూడండి. పొట్ట మీద అక్కడక్కడా ఇటుకరంగు మరకలు, వీపు మీద పాత బూడిద ఈకల మధ్య నల్ల నడుమూ ఎర్ర అంచూ ఉన్న కొత్త ఈకలు. ఒకే గుంపులో ఒకటి సగం, ఒకటి ముప్పాతిక, ఒకటి ఒళ్ళంతా ఇటుకరంగు. అన్నీ ఒక జాతే. బృందంలో సగం మంది వాటిని మూడు జాతులుగా రాసుకుంటారు. రంగు వదిలేసి ముక్కు చూడాలి. పొడుగ్గా, కొసకు కిందికి వంగి ఉంటుంది. ఎగిరినప్పుడు తోక మొదట తెల్లటి పట్టీ. బ్రాడ్‌బిల్డ్ శాండ్‌పైపర్‌కు ముక్కు కొసన మాత్రమే చటుక్కున వంపు, కంటిపైన తెల్ల గీత రెండుగా చీలి ఉంటుంది. గ్రే ప్లోవర్ పొట్ట, మొహం నల్లబడతాయి. అది ఏ రంగులో ఉన్నా ఎగిరినప్పుడు చంక కింద నల్లటి మచ్చ పట్టిస్తుంది. పసిఫిక్ గోల్డెన్ ప్లోవర్‌కు ఆ మచ్చ ఉండదు. గాడ్విట్లు రెండు రకాలూ ఎర్రబడతాయి. ఎగిరేదాకా ఆగితే వాటిలో బ్లాక్‌టెయిల్డ్ గాడ్విట్‌కు రెక్క పొడవునా తెల్ల పట్టీ, నల్ల తోక కనిపిస్తాయి. టెరెక్ శాండ్‌పైపర్‌తో చిక్కే లేదు. పైకి వంగిన ముక్కు, నారింజ కాళ్ళు, బురద మీద ఎవరో తరుముతున్నట్టు పరుగు. చిన్న శాండ్ ప్లోవర్‌ను 2023లో సైబీరియన్, టిబెటన్ అని రెండు జాతులుగా విడదీశారు. పెద్ద శాండ్ ప్లోవర్‌తో కలిసి తిరిగేటప్పుడు దూరం నుంచి తేల్చలేకపోతే “శాండ్ ప్లోవర్” అని ఊరుకోవడమే మర్యాద. గుంపులో తెలివి చూపించాలని పేరు పెట్టేస్తే ఆ తప్పు లెక్కల్లోకి ఎక్కుతుంది.

ఈ లెక్కలకు విలువ ఉంది. 2024 అక్టోబరులో ప్రకృతి పరిరక్షణ అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్, ముప్పున్న జీవుల ఎర్ర జాబితాను సవరించినప్పుడు కర్ల్యూ శాండ్‌పైపర్, బ్రాడ్‌బిల్డ్ శాండ్‌పైపర్, గ్రే ప్లోవర్ మూడూ అంతరించే ముప్పున్న వర్గంలోకి వచ్చాయి. టర్న్‌స్టోన్ దానికి ఒక మెట్టు కింద చేరింది. కాకినాడ వైపు కనిపించే గ్రేట్ నాట్, నీటిని ముక్కుతో కోస్తూ ఎగిరే ఇండియన్ స్కిమ్మర్, రెండూ ఇంకా గడ్డు వర్గంలో ఉన్నవే. నీటిపక్షుల ఆసియా గణన 1987 నుంచీ జనవరిలో జరుగుతోంది. పులికాట్ దగ్గర జరిగే ఫ్లెమింగో పండగ కూడా చలికాలంలోనే. తిరుగు ప్రయాణంలో ఏ తీరాన ఎన్ని ఆగుతున్నాయో రాసిపెట్టేవాళ్ళు తక్కువ. వేసవి బృందాలు పద్ధతిగా లెక్కపెడితే ఆ ఖాళీ పూడుతుంది.

లెక్కపెట్టడం ఇలా. ముందు పది పిట్టల్ని ఒక్కొక్కటిగా లెక్కించి, ఆ పది ఎంత మేర పట్టాయో కంటికి అలవాటు చేసుకోవాలి. ఆ మేరతో యాభై, యాభైతో వంద. గుంపు ఒక కొస నుంచి రెండో కొసకు టెలిస్కోపు జరుపుతూ ముందు మొత్తం, తరవాత రెండోసారి జరుపుతూ జాతుల వాటా. ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టి ఆ తరవాతే అంకెలు చెప్పుకోవాలి. ఒకరు పైకి చెబితే రెండోవారి అంకె దానికి దగ్గరగానే వస్తుంది. చిన్న పిట్టల దట్టమైన గుంపును అందరూ తక్కువగానే అంచనా వేస్తారు, వెనకవి ముందువాటి చాటున ఉంటాయి కనుక. చూసిన పక్షుల్ని నమోదుచేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో బృందమంతటికీ ఒకటే జాబితా. ఒకరు రాసి మిగతావాళ్ళకు పంచాలి. పన్నెండుమంది పన్నెండు జాబితాలు పెడితే మూడు వందల పిట్టలు మూడు వేల ఆరు వందలవుతాయి. గంట దాటితే కొత్త జాబితా మొదలుపెట్టాలి.

కాలికి పరిశోధకులు తొడిగిన ప్లాస్టిక్ జెండా ఉన్న పిట్ట కనిపిస్తే ఫొటో తియ్యండి, ఫొటో రాకపోయినా రాసుకోండి: జెండా రంగు, కుడి కాలా ఎడమ కాలా, మోకాలిలా కనిపించే కీలుకు పైనా కిందా, అక్షరాలు, ఇంకో కాలికి ఏమైనా ఉందా. ఎడమ కుడి అంటే పిట్టకు ఎడమ కుడి, మనకు కాదు. తప్పులు ఎక్కువగా దొర్లేది అక్కడే. ఆ వివరం ముంబైలోని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపితే ఆ పిట్టకు ఎక్కడ, ఎప్పుడు తొడిగారో తెలుస్తుంది.

పిట్టల్ని లేపకూడదన్నది మర్యాద కోసం చెప్పే మాట కాదు. వెళ్ళే ముందు వారాల్లో కొన్ని తీరపక్షుల బరువు దాదాపు రెట్టింపవుతుంది. ఆ కొవ్వే సైబీరియా దారిలో ఇంధనం. కర్ల్యూ శాండ్‌పైపర్ మామూలుగా యాభై అరవై గ్రాముల ప్రాణి. పోటు వేళ అది తినేదేమీ లేదు, ఉన్న కొవ్వును కాపాడుకోవడమే పని. ఆ వేళ ఒకసారి లేపితే ఐదు నిమిషాలు ఎగురుతుంది, దిగుతుంది, మనం ఇంకో పదడుగులు వేస్తాం, మళ్ళీ లేస్తుంది. సాయంత్రం మూడు బృందాలు, రెండు కుక్కలు, ఒక డ్రోన్ అయితే ఆ రోజు సంపాదన ఖర్చయిపోతుంది. లేవబోయే ముందు అవే చెబుతాయి. నిద్రపోతున్నవి ముక్కు బయటికి తీస్తాయి, మెడలు నిటారుగా లేస్తాయి, అంచున ఉన్నవి నడక మొదలుపెడతాయి, రెడ్‌షాంక్ ఒకటి అరుస్తుంది. మెడలు లేచినప్పుడే ఆగి, నెమ్మదిగా రెండడుగులు వెనక్కి వెయ్యాలి. కర్ల్యూలు అన్నిటికంటే ముందు బెదురుతాయి, స్టింట్లు ఆఖరున. అందుకని గుంపులో కర్ల్యూలు ఉంటే దూరం వాటిని బట్టి పెట్టుకోవాలి. మనం కదలకుండానే గుంపు లేస్తే పైకి చూడండి, డేగ ఏదైనా తిరుగుతూ ఉంటుంది. డ్రోన్‌ను కూడా అవి డేగలాగే లెక్కేస్తాయి.

కాలు ఎక్కడ వేస్తున్నామన్నదీ ముఖ్యమే. మార్చి నుంచి తీతువులు, చిన్న ప్లోవర్లు, టెర్న్‌లు పొడి ఇసుకలో, పర్ర నేలల్లో గుడ్లు పెడతాయి. గూడంటూ ఉండదు, చిన్న గుంట. గుడ్డు ఇసుక రంగులోనే ఉంటుంది. తడి ఇసుక మీద, నాచూ చెత్తా కొట్టుకొచ్చిన గీతకు సముద్రం వైపునే నడవాలి. తల్లిపిట్ట ఒక రెక్క వేలాడేసి కుంటుతున్నట్టు నటిస్తూ మన ముందు పోతుంటే ఫొటో కోసం వెంటపడకుండా వచ్చిన దారినే తిరిగి పోవాలి. ఏప్రిల్ ఎండలో తల్లి కొద్దిసేపు లేచిపోయినా గుడ్డు ఉడికిపోతుంది.

మనుషులు పన్నెండుమందికి మించకూడదు, టెలిస్కోపులు రెండుకు తగ్గకూడదు. ఒక టెలిస్కోపు పిట్టల మీద, రెండోది కొత్తవాళ్ళకు చూపించడానికి. బృందాన్ని నడిపేవారు ఒకరు పిట్టల్ని చూస్తే, రెండోవారు మనుషుల్ని చూడాలి. పెద్ద కెమెరా ఉన్నవాళ్ళు ముందుకు పోతామంటారు. వాళ్ళకు ముందే చెప్పాలి: టెలిస్కోపు కన్నా ముందుకు ఎవరూ పోకూడదని. పోటు ఎక్కే గంటలో కదలకుండా ఒకే చోట కూర్చుంటే పిట్టలు వాటంతట అవే నలభై యాభై మీటర్ల దాకా వస్తాయి, వెంటపడితే ఆ ఫొటో ఎప్పటికీ రాదు. బట్టలు మట్టిరంగువైతే మేలు, మాటలు తక్కువైతే ఇంకా మేలు. పాత కాన్వాస్ బూట్లు తాడు బిగించి వేసుకోవాలి. గమ్‌బూట్లు రొంపిలో దిగబడి కాలు మాత్రం బయటికొస్తుంది. చెప్పులతో దిగితే ఆల్చిప్పలు కోస్తాయి. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, టోపీ, ఉప్పు కలిపిన మజ్జిగ. మడ పాయ దాటి అవతలికి పోతే పోటు ఎక్కకముందే ఇవతలికి వచ్చెయ్యాలి. పాటు వేళ మోకాటి లోతున్న పాయ కొద్ది గంటల్లోనే ఛాతీ దాకా వస్తుంది. ఇంటికొచ్చాక ట్రైపాడ్ కాళ్ళ కీళ్ళు మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టకపోతే వారానికే ఉప్పు పట్టి బిగుసుకుపోతాయి.

ఇక మా విన్నపానికి వస్తే, దీనికి మీకు ఖర్చేమీ లేదు. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ రేవుల వారీగా పోటుపాట్ల అంచనాలు ఇస్తుంది. సర్వే ఆఫ్ ఇండియా ఏటా పట్టిక అచ్చేస్తుంది. శ్రీకాకుళం, విశాఖ ఎడిషన్లకు విశాఖ రేవు, గోదావరి జిల్లాలకు కాకినాడ, కృష్ణా, బాపట్ల వైపు మచిలీపట్నం, నెల్లూరుకు కృష్ణపట్నం సరిపోతాయి. ఒక్కో రేవుకు నాలుగు వేళలు, వాటి పక్కన మీటర్లలో ఎత్తు. వేళ ఒక్కటే వేసి ఎత్తు వదిలెయ్యకండి, ఎత్తు లేకపోతే పెద్ద పోటో చిన్న పోటో తెలియదు. ఇన్‌కాయిస్ ఎగసిపడే అలల హెచ్చరిక ఇచ్చిన రోజు అది కూడా అక్కడే ఒక వాక్యంలో వేస్తే తీరాన స్నానాలకు వచ్చేవాళ్ళకూ, వల కట్టేవాళ్ళకూ, చిన్న పడవల వాళ్ళకూ అక్కరకొస్తుంది. పక్షుల యాత్రల ప్రకటన మీ దగ్గరకు వచ్చినప్పుడు, అందులో తేదీతో పాటు ఆ రోజు నిండు పోటు ఎన్నింటికో కూడా రాసి పంపమని నిర్వాహకుల్ని మీ విలేకరులు అడిగితే చాలు.

ఇట్లు,
తీరపక్షులను పరిశీలించే కొందరు,
కాకినాడ